జత చొక్కా

ఆ పొద్దున కూడా జీవరత్నం స్నానాలగది గడప ముందు నిలబడిపోయాడు. ఒళ్లు ముందుకు వంగింది, చేతులు వణుకుతున్నాయి, పాదాలు మాత్రం నేలకు మేకులు కొట్టినట్టు కదలవు. పార్కిన్సన్స్ జబ్బు ముదిరినప్పటి నుంచీ ఇది రోజూ ఉండేదే. లాగితే పడిపోతాడు, తోస్తే ఇంకా బిగుసుకుపోతాడు. భార్య కృపావతికి క్లాసు టైమైపోతోంది. ఆమె విసిగిపోయి ఆయనకు ఎదురుగా వచ్చి, ఒక చెయ్యి తీసి తన వీపు మీద వేసుకుని, రెండో చెయ్యి పట్టుకుని, "రండి, డాన్సు చేద్దాం. ఇంకేం పనుంది మనకి" అంది.

వెటకారంగానే అంది. కానీ ఆమె కాలు వెనక్కి పడగానే ఆయన కాలు ముందుకు పడింది. ఇద్దరూ గడప దాటేశారు. ఆమె ఆశ్చర్యంగా ఆయన మొహంలోకి చూసింది. ఆయన చిన్నగా నవ్వుతున్నాడు.

జీవరత్నం వాల్తేరులో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు రైల్వే వాళ్ల క్లబ్బులో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లతో చేరి బాల్‌రూమ్ డాన్సు నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్యకీ నేర్పాడు. చర్చిలో పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నా సరే, శనివారం సాయంత్రమైతే క్లబ్బు చెక్కనేల మీద ఇద్దరూ వాల్ట్జ్ చెయ్యాల్సిందే. కృపావతి ఆయన కంటే పదమూడేళ్లు చిన్న. ఆయన రాత్రింబవళ్లు బండి వెనకపెట్టెలో తిరుగుతూ ఉంటే ఆమె చదువుకుంది. ఇప్పుడు విశాఖలో ఒక యూనివర్సిటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు.

క్లాసులో పాఠం చెబుతున్నంతసేపూ ఆమెకు ఆ గడపే కళ్లముందు ఉంది. ఆయన మెదడు అడుగు వెయ్యడం మర్చిపోలేదు, మొదలుపెట్టడం మర్చిపోయింది. జంటగా నాట్యం చేసేవాళ్లలో ఒకరి కాలు కదలకముందే ఛాతీ, భుజం, అరచెయ్యి లేశమాత్రం కదులుతాయి. పట్టుకున్న మనిషి ఒంటికి ఆ కబురు ముందే అందుతుంది. మరి ఆ మొదలేదో పక్కమనిషి నుంచి అరువు తెచ్చుకోవచ్చు కదా?

అలా పుట్టింది జత చొక్కా. చేతుల్లేని బనీను లాంటి గుడ్డలో వెంట్రుక కంటే సన్నటి తీగలు నేశారు. అవి కండరంలా బిగుస్తాయి, వదులవుతాయి. చూసుకునే మనిషి ఒక చొక్కా తొడుక్కుంటే అది ఆ ఒంటి కదలికల్ని చదువుతుంది. జబ్బు మనిషి తొడుక్కున్న చొక్కా వాటిని అతని ఛాతీ మీదా వీపు మీదా మెల్లగా నొక్కి చెబుతుంది.

ల్యాబులో మొదటిసారి జీవరత్నానికే తొడిగారు. కృపావతి దగ్గర పరిశోధన చేస్తున్న నస్రీన్ కంప్యూటరు దగ్గర కూర్చుని ఉంది. ముప్ఫై దాటిన మనిషి, పనిలో దిట్ట. మొదట కృపావతి అడుగు సంకేతం ఒక్కటే పంపి చూశారు. జీవరత్నం బొమ్మలా నిలబడ్డాడు. సంకేతం పెంచారు. ఉలిక్కిపడ్డాడు గానీ కదల్లేదు.

"మేడమ్, మనం మధ్యలోంచి ఒక ముక్క కోసి పంపుతున్నాం. అందుకే ఒళ్లు నమ్మట్లేదేమో" అంది నస్రీన్. "అంతా పంపేద్దామా? ఊపిరి, గుండె దడ, కండరాల బిగువు, అన్నీ?"

"పంపు."

నస్రీన్ మీట నొక్కింది. కృపావతి ఊపిరి పీల్చుకుని వెనక్కి అడుగేసింది. జీవరత్నం ఛాతీ కూడా పొంగింది. ఆయన కాలు లేచి ముందుకు వచ్చింది, తరవాత రెండోది. గది చివరికి వెళ్లి, మలుపు తిరిగి వెనక్కి వచ్చారు. ఆయన గొంతులోంచి పాత వాల్ట్జ్ బాణీ ఏదో సన్నగా వస్తోంది. ఇన్నాళ్లుగా తను ఆయన్ని ఎత్తడం, దించడం, తుడవడమే తప్ప ఇలా పట్టుకోలేదని కృపావతికి అప్పుడు తోచింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నస్రీన్ చప్పట్లు కొట్టింది.

ఆయన నుంచి ఆమెకు వచ్చే దారిని మాత్రం మూసే ఉంచారు. ఆ వణుకు ఆమెకూ అంటుకుంటే ఇద్దరూ కలిసి పడతారని భయం.

ఊళ్లో ముసలివాళ్లను పగటిపూట చూసుకునే ఒక కేంద్రంలో మరికొన్ని జంటలకు చొక్కాలు ఇచ్చారు. మొదటి వారాల్లో అక్కడ పండగలా ఉండేది. చక్రాల కుర్చీల్లోంచి లేచినవాళ్లు భార్య చెయ్యో, భర్త చెయ్యో పట్టుకుని హాలు చుట్టూ తిరిగేవాళ్లు. జబ్బు మనుషుల కంటే వాళ్లను చూసుకునేవాళ్ల మొహాలే ఎక్కువ తేటపడ్డాయి. ఇంట్లో కూడా కృపావతి సాయంత్రం యూనివర్సిటీ నుంచి రాగానే చొక్కాలు తొడిగి ముందుగదిలో ఆయనతో నాట్యం చేసేది. ఆయన బాగా తినేవాడు. పేరు పెట్టి పిలిచేవాడు.

ఆనందం వర్షాలు మొదలయ్యేదాకానే నిలిచింది.

ఒకరోజు పొద్దున ఆయన పక్క మీదే అంతా చేసేసుకున్నాడు. పగలు ఉండే ఆయా ఇంకా రాలేదు. కృపావతి ఊపిరి బిగబట్టి దుప్పట్లు లాగింది, ఆయన్ని కడిగింది, బట్టలు మార్చింది. నోటితో ఒక్క మాట అనలేదు. ఎంత కష్టమొచ్చినా ఆయన్ని పల్లెత్తు మాట అనలేదన్నది ఆమెకు లోపల్లోపల గర్వంగా ఉండేది. ఆ సాయంత్రం మామూలుగానే చొక్కాలు తొడుక్కున్నారు. ఆమె నవ్వుతూ ఆయన చెయ్యి అందుకుంది.

జీవరత్నం బిగుసుకుపోయాడు. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. మొహం చిన్నబోయింది.

"తప్పయిపోయింది" అన్నాడు. "తప్పయిపోయిందండి. ఇంకెప్పుడూ చెయ్యను."

"ఏం తప్పు? ఏంటండీ, ఏమైంది?"

"తప్పయిపోయింది."

ఎవరో పైఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. ఎంత బతిమాలినా కదల్లేదు.

మర్నాడు ల్యాబులో నస్రీన్ ముందురోజు సంకేతాలు తెరిచింది. ఆయన చేతిని తాకడానికి ముందు కృపావతి భుజాలు వెనక్కి పోయాయి. ఊపిరి ఆగింది. కడుపు దగ్గర కండరాలు ముడుచుకున్నాయి. చెడ్డ వాసనకు, చూడలేని దృశ్యానికి ఒళ్లు ఎలా ముడుచుకుంటుందో అలాగే. ఆమె పెదాల మీద నవ్వుతో చొక్కాకి పనిలేదు. ఆ ముడుచుకోవడమంతా ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఆయన ఛాతీ మీద పెట్టింది.

నస్రీన్ తెర పక్కకు జరిపేసింది. ఆ పిల్ల చూసి కూడా చూడనట్టు ఊరుకోవడం కృపావతికి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

"ఆ భాగం వడకట్టలేమా?" అంది తెర వైపు చూడకుండా.

వడకట్టి చూశారు. జీవరత్నం కాళ్లు కదల్లేదు. మనసుకు సంబంధించింది కాస్త తీసేసినా ఆ ఒళ్లు దాన్ని మనిషిగా ఒప్పుకోవడం లేదు.

అదే వారం కేంద్రంలో గొడవైంది. అప్పలస్వామి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన భార్య సన్యాసమ్మకి పక్షవాతం. నాట్యం మధ్యలో ఆవిడ బాగున్న చేత్తో చొక్కా పీకేసుకోవడం మొదలుపెట్టింది. కృపావతి పరిగెత్తుకెళ్లింది.

"ఏమైందమ్మా? బిగుతుగా ఉందా?"

"బిగుతు కాదు తల్లీ." ఆవిడ మాట ముద్దముద్దగా వస్తోంది. "ఈయనకి నేను బరువైపోనాను. నోటితో అన్లేదు. ఇదిగో, ఇక్కడ తెలుస్తన్నాది." గుండెల మీద చెయ్యి వేసుకుని చూపించింది.

మాస్టారు వరండాలోకి వెళ్లిపోయాడు. కృపావతి వెనకాలే వెళ్లింది. ఆయన గోడ వైపు తిరిగి కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"ఒక్క మాటన్లేదు మేడమ్ ఇన్నేళ్లూ. మనిషన్నాక లోపల ఎన్నో ఉంటాయి. దాచుకున్నాను. దాచుకున్నదంతా మీ చొక్కా చెప్పీసింది. ఇప్పుడు దాని మొహం నేనెలా చూడాల?"

 నా సంగతీ అంతే మాస్టారూ అని ఒక్క మాట అనగలిగి ఉంటే ఆయన బరువు కొంత తగ్గేది. కృపావతి అనలేకపోయింది. "సర్దుబాటు చేస్తాం" అని లోపలికి వచ్చేసింది. ఆ దంపతులు మళ్లీ కేంద్రానికి రాలేదు. తరవాత ఇంకో జంట మానేసింది, ఆ తరవాత ఇంకొకటి.

ఒక మధ్యాహ్నం డీన్‌తో మాట్లాడి వస్తుంటే ల్యాబులోంచి నవ్వు వినిపించింది. కృపావతి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె వచ్చేలోగా చొక్కాలు సరిచూద్దామని నస్రీన్ తనే ఒకటి తొడుక్కుని జీవరత్నంతో నాట్యం చేస్తోంది. ఆయన వెన్ను నిటారుగా ఉంది. మలుపులు తనే తిప్పుతున్నట్టు తిరుగుతున్నాడు. ఎన్నో ఏళ్ల కిందట క్లబ్బులో చూసిన మొహం అది. కృపావతి పక్కన ఈమధ్య ఎన్నడూ కనపడని మొహం.

"అంకుల్ ఈరోజు ఎంత బాగా చేశారో చూశారా మేడమ్!" అంది నస్రీన్ ఆయాసపడుతూ. "నాకు మా నాన్నే గుర్తొచ్చారు."

కృపావతి నవ్వి తలూపింది. నస్రీన్ ఇంటికి వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చుని ఆ నాట్యం తాలూకు సంకేతమంతా తెరిచింది. ఎక్కడా ముడుచుకోవడం లేదు. ఊపిరి వెచ్చగా, భుజాలు వదులుగా, గుండె కాస్త ఉత్సాహంగా. తన ఒంటి సంకేతం బదులు ఆయనకు అదే వెళ్లేలా, అది మొత్తం తీసి తన చొక్కాలో ఎక్కించుకుంది. అడుగుల వేగం మాత్రం తన కాళ్లను బట్టి సాగేలా కలిపింది. నస్రీన్‌ని అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

చొక్కా పనిచేసింది. ఎలా పనిచేసిందంటే, ఆయన ఆరోజు ఇంట్లో ఆమె చెయ్యి అందుకుని వంటగది దాకా నాట్యం చేసుకుంటూ వచ్చాడు. వారాలు గడిచేకొద్దీ బరువు పెరిగాడు. నిద్ర పట్టింది. ముడుచుకోవడం, తప్పయిపోయిందనడం పోయాయి.

కృపావతికి కూడా హాయిగానే ఉంది. అదే ఆమెను తరవాత ఎక్కువ సిగ్గుపడేలా చేసింది. ఇప్పుడు ఆయన్ని పట్టుకుని తిరుగుతూ ఏమైనా అనుకోవచ్చు. రేపటి మీటింగు గురించి ఆలోచించుకోవచ్చు. ఇదంతా ఎప్పుడు తీరుతుందిరా దేవుడా అనుకోవచ్చు. ఒకసారైతే, ఈయన నిద్రలోనే పోతే ఎంత బాగుణ్ణు అని స్పష్టంగా అనుకుంది. ఆయన ఆ క్షణాన ఆమెను చూసి నవ్వాడు. ఆమె చూపు కిటికీ మీదికి తిప్పుకుంది. ఆ తరవాత నాట్యం చేసేటప్పుడు ఆయన మొహం చూడటం మానేసింది.

చర్చిలో ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని, "మీ ఓపిక ఎవరికి వస్తాదండీ! మా కోడళ్లకి మిమ్మల్నే చూపిస్తన్నాం" అనేవారు. ఆమె తలవంచుకునేది. వాళ్లు దాన్ని వినయం అనుకునేవాళ్లు.

ఒక మార్పు మాత్రం వచ్చింది. జీవరత్నం ఆమెను మీరు అనడం మొదలుపెట్టాడు. అన్నం పెడితే "థాంక్యూ అండీ" అనేవాడు. దిండు సర్దితే "మీకెందుకు శ్రమ" అనేవాడు. జ్ఞాపకం సన్నగిల్లుతోందని డాక్టర్లు ముందే చెప్పారు. అదే అయ్యుంటుందనుకుంది.

చలికాలంలో ప్రదర్శన పెట్టారు. ఊళ్లోనే ఒక పాత క్లబ్బు హాలు, చెక్కనేల. యూనివర్సిటీ పెద్దలు, డాక్టర్లు, ముసలివాళ్లున్న ఇళ్లవాళ్లు, చొక్కాలు తయారుచేస్తామని ముందుకొచ్చిన బెంగళూరు కంపెనీ తరఫున రామకృష్ణమూర్తి అనే ఆయన, అందరూ వచ్చారు. జీవరత్నానికి నీలం కోటు వేసి చొక్కా దాని కింద తొడిగారు. నస్రీన్ ఒక పక్క తెర ముందు కూర్చుంది.

వాల్ట్జ్ మొదలైంది. ఇద్దరూ హాలంతా తిరిగారు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి తమ ముందు తేలిపోతూ ఉంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. పాట ఆగింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. జీవరత్నం ఒక అడుగు వెనక్కి వేసి, పూర్వం క్లబ్బులో చేసినట్టే, జోడీకి తల వంచి నమస్కరించాడు. కృపావతి మెడకు తగిలించిన మైకులో ఆయన మాట హాలంతటికీ వినిపించింది.

"చాలా చక్కగా చేసేరండీ. థాంక్యూ." ఆయన చుట్టూ చూశాడు. "మా ఆవిడెక్కడుందో చూసేరా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"మీరు బాగా చేస్తారు. వంక పెట్టడానికి లేదు" అన్నాడాయన మర్యాదగా. "మా ఆవిడైతే ఇలా చెయ్యదండి. భుజం బిగబట్టేస్తాది. కోపమెక్కువ దానికి. కానీ... చాలా రోజులైంది అది కనపడి. నాకు అది కావాలండి. కాస్త పిలుస్తారా?"

ఎవరో వెక్కి ఏడ్చారు. ముందు వరసలో ఒకావిడ "పాపం, పెళ్లాన్నే గుర్తుపట్టలేదు" అంది. అందరూ కృపావతి వైపే చూస్తున్నారు, జాలితో.  ఆయన సరిగ్గానే చెబుతున్నాడని ఆ హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. ఆమె గొంతు సవరించుకుంది.

"నేనే ఆయన భార్యని" అంది. "ఈ జబ్బులో ఇదొక దశ. ప్రాణంలా ప్రేమించినవాళ్లే పరాయివాళ్లు అయిపోతారు. ఆయనకి నేను గుర్తులేకపోయినా ఆయన ఒంటికి నేను గుర్తున్నాను. మీరు ఇప్పుడు చూసింది అదే."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జీవరత్నం ఆ చప్పట్లకి బెదిరి, ఎవరినో వెతుకుతున్నట్టు తలుపు వైపు చూశాడు.

జనం వెళ్లిపోయాక నస్రీన్ తెర ముందు నుంచి లేవలేదు. కృపావతి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్టు ఇచ్చి, దగ్గరికి వచ్చింది. తెర మీద గీత ఒకటి ఆగి ఉంది.

"మలుపు తిరిగే ముందు ఈ ఊపిరి ఆగి అందుకుంటోంది చూడండి" అంది నస్రీన్. "చిన్నప్పుడు నాకు ఉబ్బసం. అప్పటి అలవాటు. ఇది నాది మేడమ్."

"అవును."

"నన్నడగలేదు."

"లేదు."

"అంకుల్ మతిమరుపుతో అనలేదు. ఉన్నమాటే అన్నారు. మీరు ఆయన్ని..." నస్రీన్ తెర ఆర్పేసింది.  "మీకొకటి చెప్పనా? మా నాన్నని చివర్లో చూసుకుంది మా అక్క. నేను సెలవులకి వెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చుని వచ్చేసేదాన్ని. నాన్న అందరితో నా గురించే చెప్పేవారు. అక్క తలుపు దగ్గర నిలబడి వినేది. గంటసేపు ప్రేమగా ఉండటం ఎవరికైనా వస్తుంది మేడమ్. మీరు ఆ గంట తీసుకెళ్లి మీ కాపరానికి అతికించేశారు."

కృపావతి పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. తన కంటే ఇరవై ఏళ్లు చిన్నదాని ముందు తల ఎత్తలేకపోయింది.

"నేను అందరికీ చెబుతాను" అంది.

"ఎప్పుడు? ఇందాక మైకు మీ మెడలోనే ఉంది."

సోమవారం మీటింగులో చెప్పింది. రామకృష్ణమూర్తి, డీన్, నస్రీన్ ఉన్నారు. తన సంకేతం గురించి, దొంగిలించిన సంకేతం గురించి, హాల్లో ఆడిన అబద్ధం గురించి దాచకుండా చెప్పింది. డీన్ మొహం ఎర్రబడింది. రామకృష్ణమూర్తి మాత్రం ముందుకు వంగాడు.

"అయితే ఇంకా మంచిదే కదా మేడమ్! ఒకరి ప్రేమ ఒకసారి పట్టి పెట్టుకుంటే అందరికీ సరిపోతుంది. చూసుకునే ఆయాకి ప్రేమ లేకపోయినా పర్లేదు, చొక్కా తొడుక్కుంటే చాలు. అసలు జనం అడిగేది అదే."

"ఆయన గుర్తుపట్టేశారండి. పరాయి మనిషని తెలిసిపోయింది."

"పరాయి మనిషే అయినా హాయిగా ఉన్నారు కదా?" అతను ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "మా అమ్మ వృద్ధుల హోములో ఉంది మేడమ్. వెళ్తాను. పదినిమిషాలు కూర్చునేసరికి ఎప్పుడు లేద్దామా అనిపిస్తుంది. ఆవిడకి అది తెలియకూడదని నాకుంటుంది. మొదటి చొక్కా నేనే తీసుకుంటాను."

 అతను చెడ్డవాడు కాదు. తను చేసిందే అతనూ చెయ్యాలనుకుంటున్నాడు. తన తప్పు ఇంకొకరి నోట అవసరంలా వినపడింది కృపావతికి.

"నా ఊపిరి ఇవ్వను" అంది నస్రీన్. "చెరిపేస్తాను."

"చెరిపేయండి. ఇంకెవరిదైనా దొరుకుతుంది" అన్నాడు రామకృష్ణమూర్తి. బెదిరింపుగా అనలేదు, విచారంగానే అన్నాడు. నిజమేనని ఆ గదిలో అందరికీ తెలుసు.

నస్రీన్ అక్కడే కూర్చుని చెరిపేసింది. ఆ నెలాఖరుకి వేరే ప్రొఫెసరు దగ్గరికి మారిపోయింది. వెళ్లేముందు కృపావతితో మాట్లాడలేదు. ప్రాజెక్టు ఆపేశారు. కృపావతి అప్పలస్వామి మాస్టారింటికి వెళ్లింది. ఆయన గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నాడు. "ఆరోజు వరండాలోనే చెప్పుంటే బాగుణ్ణు మేడమ్" అన్నాడు. లోపలికి రమ్మనలేదు.

ఇంట్లో ఒక జత చొక్కాలు మిగిలాయి. ఆదివారం మధ్యాహ్నం కృపావతి జీవరత్నానికి స్నానం చేయించి, బట్టలు మార్చి, వాటిని తీసింది. తన నుంచి ఆయనకు ఏమీ పంపే ధైర్యం లేకపోయింది. ఇన్నాళ్లూ మూసి ఉంచిన రెండో దారి, ఆయన నుంచి తనకు వచ్చేది, తెరిచింది. తను ఆయన మీద ఇంత రుద్దింది కదా, ఆయన లోపల ఏముందో ఒక్కసారైనా చూడాలనిపించింది. ఏమీ ఉండదేమోనని భయం కూడా వేసింది.

ఎదురుగా నిలబడి ఆయన చేతులు పట్టుకుంది. ముందు వణుకు వచ్చింది. దాని కింద ఇంకేదో. మెడ వెనక వేడెక్కింది. ఛాతీ లోపలికి కుంచించుకుపోయింది. కళ్లు నేల మీదికి వాలిపోయాయి. ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించింది. ఇది నా సిగ్గే అనుకుంది కృపావతి, ప్రదర్శన నాటి నుంచీ తనతో ఉన్నదే. కానీ అది ఆమె ఊపిరితో రావడం లేదు. ఆయన ఊపిరి లేచినప్పుడు లేస్తోంది, ఆయన ఊపిరి దిగినప్పుడు దిగుతోంది.

ఆమె తల ఎత్తి చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఇందాక స్నానాలగదిలో కూడా అలాగే చూశాడు. రోజూ అలాగే చూస్తాడు. అది మొండితనమనుకుంది, జబ్బనుకుంది.

"ఏమండీ" అంది. "మీకు సిగ్గేస్తోందా?"

 పెదాలు కూడదీసుకుని అన్నాడు.

"నువ్వు చదువుకున్నదానివి. నా గుడ్డలు నువ్వెందుకు ఉతకాల."

నువ్వు అన్నాడు. కృపావతి ఆయన చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నాకు అసహ్యం వేస్తుందండి ఒక్కోసారి" అంది. "కోపమొస్తుంది. మీరు పోతే బాగుణ్ణని కూడా అనుకున్నాను. అది మీకు తెలియకూడదని ఇంకొకరి ఊపిరి తొడుక్కుని మీ దగ్గరికి వచ్చాను. అందరి ముందూ మీకు మతిలేదని చెప్పాను."

ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. నుదురు ముడిచి ఆమె మొహం పరీక్షగా చూశాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయేవు?"

"ఇక్కడే ఉన్నానండి."

"లేవు" అన్నాడు.

కోపంగా అనలేదు, నిందిస్తున్నట్టూ అనలేదు. బండిలో పెట్టె ఖాళీగా ఉందని చెప్పినట్టు చెప్పాడు.  కృపావతి చెయ్యి చాచి, తన నుంచి ఆయనకు వెళ్లే దారి కూడా తెరిచింది. అలసట, విసుగు, సిగ్గు, అన్నీ ఒక్కసారిగా వెళ్లాయి. జీవరత్నం ఉలిక్కిపడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకుంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన తీసుకోలేదు. అలాగే నిలబడి, కొత్తగా దిగిన ఊళ్లో గాలి పీల్చినట్టు ఊపిరి తీసుకున్నాడు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

"పదండి, అన్నం పెడతాను."

బయల్దేరారు. అది నాట్యమని ఎవరూ అనరు. ఆయన ఒళ్లు ఒక వైపు వెళ్తే ఈమె ఒళ్లు ఇంకో వైపు వెళ్లింది. బల్ల దగ్గర ఆయన ఆమె కాలు గట్టిగా తొక్కేశాడు.

"అబ్బా, చూసుకోండి కాస్త!" అంది కృపావతి. అనేశాక నాలుక కరుచుకుంది. ఆ విసుగు ఆయనకు చేరిపోయిందని ఆమెకు తెలుసు. ఆయన కుంచించుకోవడం ఆమెకూ తెలిసింది. తల ఎత్తి ఆయన్ని చూడలేకపోయింది, కానీ చెయ్యి వదల్లేదు.